అగ్గి తెగులు బీజం వరి ఆకుకు ఎలా అంటుకుంటుంది: చూడడం, లెక్కించడం, చేలో వాడుకోవడం

దాళ్వా (రబీ వరి) నారుమళ్లలో అగ్గి తెగులు కనిపించే రోజులు వచ్చాయంటే నాకు ఒకే తీరు ప్రశ్నలు వస్తుంటాయి. శిలీంధ్రం ఆకుకు అంటుకుంటుందని పాఠంలో చదివాం, దాన్ని కళ్లతో చూసే వీలుందా? మా కాలేజీలో ఉన్న మామూలు సూక్ష్మదర్శిని సరిపోతుందా? ఎన్నిసార్లు చేసినా బీజాలు (శిలీంధ్రం వ్యాపించడానికి వదిలే సూక్ష్మ రేణువులు) కనిపించకుండా పోతున్నాయి, ఎక్కడ తప్పుతున్నాం? వ్యవసాయ డిప్లొమా విద్యార్థులు, జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు, ఈ మధ్య కొందరు రైతులు కూడా ఇవే అడుగుతున్నారు.

మామూలు సూక్ష్మదర్శిని సరిపోతుంది. బీజాలు కనిపించకుండా పోవడానికి కారణం చాలాసార్లు ఒక్కటే: నీరు తగలకూడని సమయంలో వాటికి నీరు తగిలి ఉంటుంది. కింద చెప్పిన వరుసలో సగానికి పైగా ఆ ఒక్క పొరపాటు జరగకుండా చూసుకోవడం కోసమే ఉంది.

1. ముందుగా తెలిసి ఉండవలసిన క్రమం

అగ్గి తెగులును కలిగించే శిలీంధ్రం మాగ్నపోర్తే ఒరైజే. పైరిక్యులేరియా ఒరైజే అన్నా ఇదే. దీని బీజం కాస్త సాగదీసిన బొంగరంలా ఉంటుంది. రెండు అడ్డుగోడలు, మూడు గదులు, సుమారు 20 నుంచి 25 మైక్రాన్ల పొడవు, దాదాపు రంగు లేని ఒళ్లు. సన్నగా ఉండే మొన దగ్గర, బయటి పొర కింద, జిగురు ముందుగానే సిద్ధంగా ఉంటుంది. తడి తగలగానే ఆ జిగురు మొన నుంచి బయటికి వచ్చి, బీజాన్ని కింద ఉన్న తలానికి అతికిస్తుంది. ఇందుకోసం బీజం మొలకెత్తే వరకు ఆగదు.

సుమారు 25 డిగ్రీల వేడిలో, తడి ఆరకుండా ఉంటే, పని ఈ వరుసలో సాగుతుంది.

- తడి తగిలిన కొద్ది నిమిషాల నుంచి అరగంట లోపు: మొన జిగురుతో బీజం అంటుకుంటుంది.
- 1 నుంచి 2 గంటలు: బీజం చివరి గదుల్లో ఒకదాని నుంచి మొలకనాళం వస్తుంది.
- 4 నుంచి 8 గంటలు: నాళం కొన తలానికి అదుముకుని, కొక్కెంలా వంగి, గుండ్రటి గుబ్బగా ఉబ్బుతుంది. దీన్నే అప్రెసోరియం అంటారు.
- ఆ తరువాత సుమారు 24 గంటల వరకు: గుబ్బ గోడలో మెలనిన్ చేరి నల్లబడుతుంది; లోపల గ్లిజరాల్ పేరుకుని పీడనం పెరుగుతుంది.
- 24 గంటలు దాటాక: గుబ్బ అడుగు నుంచి సన్నని మేకు వంటి పోగు దిగి ఆకు పైపొరను చీలుస్తుంది.
- 4 నుంచి 7 రోజులు: మచ్చ మన కంటికి కనిపిస్తుంది.

గుబ్బలో పీడనం 80 బార్ల వరకు చేరుతుంది. కారు టైరులో ఉండే పీడనానికి ఇది దాదాపు 40 రెట్లు. కింద గట్టి పట్టు లేకపోతే ఆ ఒత్తిడికి గుబ్బే పైకి లేచిపోవాలి కాబట్టి, ఇందులో అంటుకోవడం రెండుసార్లు జరుగుతుందని గమనించాలి. మొదటిసారి బీజం అంటుకుంటుంది, రెండోసారి గుబ్బ అంటుకుంటుంది. మొదటిదానికి ఎంపిక లేదు. ఆకైనా, ప్లాస్టిక్కైనా, గాజైనా, చివరికి దోసె పెనాల మీద పూసే టెఫ్లాన్ అయినా బీజం పట్టేసుకుంటుంది. రెండోదానికి మాత్రం గట్టిగా ఉండి నీటిని ఒంటబట్టనివ్వని తలం కావాలి. విద్యార్థులు ఎక్కువగా కలగలిపేసుకునేది ఈ రెండింటినే.

2. సిద్ధం చేసుకోవలసినవి

- 10 రెట్లు, 40 రెట్లు చూపే వస్తుకటకాలున్న సూక్ష్మదర్శిని
- చేతి కటకం
- మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలు మూడు, టిష్యూ కాగితం, అగ్గిపుల్లలు
- పొడిగా ఉన్న సన్నని బొమ్మల కుంచె, సున్నా నంబరుది
- గాజు పలకలు, కవర్ స్లిప్పులు
- పాలిస్టైరీన్ పెట్రీ పళ్లేలు. దొరకకపోతే హోటల్ పార్సెల్ డబ్బాల తేటైన మూతలు
- బ్యాటరీలో పోసే స్వేదనజలం. కొనేటప్పుడు ఆమ్లం సీసా చేతికి రాకుండా చూసుకోవాలి, దుకాణంలో రెండూ పక్కపక్కనే ఉంటాయి.
- డ్రాపర్, పర్మనెంట్ మార్కర్, గడియారం, నోటు పుస్తకం
- లాక్టోఫినాల్ కాటన్ బ్లూ రంజకం
- ఒక చెంచా చైనా గ్రాస్ (అగర్)

కుళాయి నీరు వద్దు. అందులోని క్లోరిన్ బీజాలు మొలకెత్తడాన్ని దెబ్బతీస్తుంది.

కాలం విషయానికి వస్తే, డెల్టాలో ఈ పనికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. గది వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య నిలుస్తుంది, మచ్చలూ తాజాగా దొరుకుతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ గది లేకుండా ప్రయత్నించి విసుగు తెచ్చుకోవద్దు.

3. సరైన ఆకును ఎంచుకోవడం

నారుమడిలో గాని, ఊడ్చిన నెల లోపు చేలో గాని వెతకాలి. సాంబ మసూరి, అంటే బీపీటీ 5204 వంటి రకాలను అగ్గి తెగులు తేలికగా పట్టుకుంటుంది కాబట్టి అవి వేసిన మడి ఉంటే అక్కడ మొదలుపెట్టండి. రెండు కొనలూ మొనదేలి, నడుమ బూడిద రంగులో, అంచు గోధుమ రంగులో ఉన్న నూలుకండె ఆకారపు మచ్చలు కావాలి. నువ్వుగింజలా గుండ్రంగా, నిండుగా గోధుమ రంగులో ఉన్నవి గోధుమ మచ్చ తెగులువి. వాటిని పక్కన పెట్టాలి.

నడుమ భాగం పూర్తిగా ఎండి కాగితంలా చిరుగుతున్న ముదురు మచ్చ మనకు పనికిరాదు. నడుమ బూడిద రంగు తిరిగి, చుట్టూ ఆకు ఇంకా పచ్చగా ఉన్న నడివయసు మచ్చే మంచిది. అటువంటివి పది పన్నెండు చాలు.

మంచు ఆరిన తరువాత, పదింటికో పదకొండింటికో కోయాలి. కోసిన ఆకులను పాలిథిన్ సంచిలో కాకుండా పాత వార్తాపత్రికలో చుట్టి తేవాలి. పాలిథిన్‌లో ఆకు చెమటపడుతుంది, ఆ చెమటకే బీజాలు సంచికో పక్క ఆకుకో అంటుకుపోతాయి. మీ ఊరి చేలో దొరికినదానితోనే పని చేయండి. వేరే జిల్లా నుంచి తెగులు ఆకులను మోసుకు రావడం సరికాదు.

4. తాజా బీజాలను రాబట్టడం

చేలో నుంచి వచ్చిన మచ్చ మీద పాత బీజాలు, దుమ్ము, పనికిరాని ఇతర బూజులు ఉంటాయి. ముందు వాటిని కడిగేసి, అదే మచ్చ చేత కొత్తగా బీజాలు పెట్టించాలి.

మొదట, మచ్చ ఉన్న ఆకు ముక్కను పారే నీటిలో ఒక నిమిషం కడిగి, టిష్యూతో అద్ది తడి తీసేయాలి. రెండో పని, డబ్బా అడుగున తడిపిన టిష్యూ పరిచి, దాని మీద రెండు అగ్గిపుల్లలు పెట్టి, ఆకు ముక్కను పుల్లల మీద వంతెనలా ఉంచాలి. ఆకు టిష్యూకు తగలకూడదు. దానికి కావలసింది తేమ గాలి మాత్రమే. మూడో పని, మూత పెట్టి గదిలో 16 నుంచి 24 గంటలు వదిలేయాలి.

మరునాడు చేతి కటకంతో పక్క నుంచి వెలుతురు పడేలా చూస్తే, మచ్చ నడుమ బూడిద రంగు నూగు నిలబడి ఉంటుంది. మన అదృష్టం బాగుంటే అది మామూలు కంటికే, నల్లసెనగ మీది నూగులా కనిపిస్తుంది. 36 గంటలు దాటనిస్తే తెల్లటి, నల్లటి ఇతర బూజులు పైకెక్కి, ఏది ఏదో తేల్చుకోవడం కష్టమవుతుంది.

నూగు కనిపించాక వెంటనే కుంచె పెట్టవద్దు. మూత తీసి 15 నిమిషాలు గాలికి ఉంచితే ఆకు మీది చెమ్మ ఆరిపోతుంది, బీజాలు పొడిగా రాలుతాయి.

5. అంటించే తలాలను సిద్ధం చేయడం

ఒకే తలం మీద చూస్తే కథ సగమే తెలుస్తుంది. కనీసం మూడు రకాలు పక్కపక్కన పెట్టాలి.

మొదటిది ప్లాస్టిక్: పెట్రీ పళ్లెం అడుగు గాని, పార్సెల్ మూత నుంచి కత్తిరించిన చదునైన ముక్క గాని. రెండోది శుభ్రమైన గాజు: పలకను సబ్బుతో కడిగి, బాగా జాడించి, స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాలి. మూడోది మెత్తని తలం: ఒక గ్రాము చైనా గ్రాస్‌ను 50 మిల్లీలీటర్ల స్వేదనజలంలో మరిగించి, పలక మీద పలుచగా పోసి గడ్డకట్టనివ్వాలి.

ఏ ప్లాస్టిక్ పనికొస్తుందో తేల్చుకోవడానికి ఒక నీటిబొట్టు చాలు. బొట్టు వేసినప్పుడు చెదరకుండా గుండ్రంగా నిలబడాలి, ముక్కను వంచితే తడి గీత వదలకుండా జారాలి. వరి ఆకు మీద నీటిబొట్టు ముత్యంలా దొర్లడం మనం రోజూ చూసేదే. ఆకు మీది మైనపు పొర, సన్నని బొడిపెలు కలిసి చేసే పని అది. అంతగా దొర్లించే ప్లాస్టిక్ మనకు దొరకదు గాని, దానికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి.

ప్రతి ముక్క అడుగువైపున మార్కర్‌తో చిన్న వృత్తాలు గీసి, 20 నిమిషాలు, 2 గంటలు, 6 గంటలు, 24 గంటలు అని రాయండి. మార్కర్ గీత బొట్టు ఉన్న వైపు పడకూడదు.

6. బీజాలను తలం మీద పెట్టడం

ఇక్కడ కొంచెం నిదానించాలి, ఎందుకంటే చాలా ప్రయోగాలు చెడిపోయేది ఇక్కడే.

పాఠ్యపుస్తకాల పద్ధతిలో బీజాలను పరీక్ష నాళికలో నీటికి కలిపి, ఆ ద్రావణాన్ని తరువాత చుక్కలుగా వేస్తారు. మొలకెత్తడం ఒక్కటే చూడాలంటే అది సరిపోతుంది. అంటుకోవడం చూడాలంటే సరిపోదు. తొలిసారి నేను చేసినప్పుడు సాయంత్రం ఎంతో ఓపికగా బీజాల ద్రావణం తయారుచేసి, గాజు నాళికలో పోసి, పొద్దున్నే చూద్దామని పడుకున్నాను. ఉదయం తీసిన చుక్కలో ఒక్క బీజం లేదు. ద్రావణం పాడైందనుకుని పారబోసి, ఖాళీ నాళికను ఊరికే వెలుతురుకు పట్టి చూస్తే లోపలి గోడ సన్నగా మసకబారి ఉంది. కుంచెతో గీకి చూస్తే బీజాలన్నీ అక్కడే ఉన్నాయి, అప్పటికే మొలకెత్తి కూడా. అవి చేయవలసిన పనే చేశాయి. నేను చూడదలచిన చోట కాకుండా నాళిక గోడ మీద చేశాయి, అంతే.

కాబట్టి వరుస ఇలా ఉండాలి.

ముందుగా తలం మీది ప్రతి వృత్తంలో ఒక చిన్న స్వేదనజలపు బొట్టు వేయాలి. డ్రాపర్ నుంచి రాలే పూర్తి బొట్టులో సగం ఉంటే చాలు.

తరువాత పొడి కుంచె కొనతో మచ్చ మీది నూగును ఒక్కసారి, ఒత్తకుండా తాకాలి. ఆ కొనను బొట్టుకు రెండు మిల్లీమీటర్ల పైన పట్టి, కుంచె కాడను వేలితో మెల్లగా తట్టాలి. బీజాలు పొడిగా బొట్టులోకి రాలుతాయి. కుంచెను బొట్టులో ముంచితే అది తడుస్తుంది, ఆ తరువాతి బొట్టుకు పనికిరాదు. పొరపాటున తడిస్తే ఆరిన మరో కుంచె తీసుకోండి.

వెంటనే గడియారం చూసి సమయం రాసుకోవాలి. సున్నా గంట అంటే డబ్బాలో పెట్టిన సమయం కాదు, బీజం నీటిని తాకిన ఈ క్షణం.

చివరగా ముక్కలను తడి టిష్యూ ఉన్న డబ్బాలో చదునుగా ఉంచి మూత పెట్టాలి. డబ్బాను కదిలించకూడదు. మూత లోపలి వైపు చేరిన చెమట బొట్లు కింద రాలకుండా మూతకు కూడా ఒక పొడి టిష్యూ అతికించడం మంచిది.

బొట్టులో ఎన్ని బీజాలుండాలి? 10 రెట్ల కటకం కింద ఒక్కో చూపులో 10 నుంచి 30 వరకు ఉంటే హాయిగా లెక్కించవచ్చు. గుంపుగా పడితే లెక్క తప్పడమే కాదు, బీజాలు ఒకదాన్నొకటి అడ్డుకుని మొలకలు, గుబ్బలు తగ్గిపోతాయి. నూగు ఎక్కువగా ఉందని సంబరపడి గట్టిగా తట్టకండి.

7. కడగడం, లెక్కించడం

అంటుకుందో లేదో చూడడానికి కడగడమే పరీక్ష. జిగురు మామూలు సూక్ష్మదర్శినిలో కనిపించదు. కడిగినా కదలని బీజమే దానికి సాక్ష్యం.

అనుకున్న సమయం కాగానే, బొట్టు ఉండగానే 10 రెట్ల కటకం కింద ఐదు చోట్ల బీజాలను లెక్కించి రాసుకోవాలి. ఆ తరువాత ముక్కను కొద్దిగా ఏటవాలుగా పట్టి, డ్రాపర్‌తో ఒకే ఎత్తు నుంచి పది చుక్కల స్వేదనజలం పోయాలి. ఎత్తు, చుక్కల సంఖ్య అన్ని ముక్కలకూ ఒకటే ఉండాలి. ఒకదానికి చుక్కలు పోసి, ఇంకొకదాన్ని కుళాయి కింద పెడితే ఆ రెండు లెక్కలనూ పోల్చలేం. మళ్లీ అవే ఐదు చోట్ల లెక్కించాలి.

కడగక ముందు 60 ఉండి, కడిగాక 48 మిగిలితే, అంటుకున్నవి 48ని 60తో భాగించి 100తో హెచ్చించగా 80 శాతం. ఈ అంకెలు లెక్క చూపడానికి మాత్రమే. మీకు వచ్చే శాతం మచ్చ వయసును బట్టి, వేడిని బట్టి మారుతుంది.

20 నిమిషాల బొట్టును కడిగాక 40 రెట్ల కటకానికి మారి, సవరణ మరను మెల్లగా తిప్పుతూ ఒక్క బీజాన్నే నిదానంగా చూడండి. కొన్ని బీజాల మొన స్పష్టంగా కనిపిస్తుంటే వెనుక భాగం మసకగా ఉంటుంది. మర తిప్పితే వెనుక భాగం తేరుకుని మొన మసకబారుతుంది. అంటే బీజం పడుకుని లేదు, మొన మీద నిలబడి ఉంది. అంటుకునేది ఏ చివరో ఇంతకంటే బాగా చెప్పే దృశ్యం నాకు తెలియదు. ఎంతమంది విద్యార్థులకు చూపినా, మర తిప్పిన వెంటనే ఒక చిన్న "అబ్బా" వినిపిస్తుంది.

6 గంటల దగ్గర మూడు తలాలనూ పోల్చాలి. ప్లాస్టిక్ మీద పొట్టి నాళాలు, వాటి కొసన గుండ్రటి గుబ్బలు ఉంటాయి. శుభ్రమైన గాజు మీద బీజాలు అంటుకునే ఉంటాయి గాని గుబ్బలు బాగా తక్కువ. చైనా గ్రాస్ మీద నాళాలు దారి తప్పిన తీగల్లా పొడుగ్గా సాగిపోతాయి తప్ప గుబ్బ కట్టవు. 24 గంటల బొట్టులో ప్లాస్టిక్ మీది గుబ్బలు నల్లపూసల్లా ముదురు రంగు తిరిగి ఉంటాయి.

బొట్టులో సబ్బు, షాంపూ, ట్వీన్ వంటివి ఏవీ కలపవద్దు. తలం స్వభావమే మారిపోయి, అంటుకునే లెక్క తారుమారవుతుంది.

8. నిజమైన ఆకు మీద చూడడం

ప్లాస్టిక్ మీద చేయి తిరిగాక ఆకుకు వెళ్లాలి. ముందే ఆకుతో మొదలుపెట్టినవారు పత్రహరితపు పచ్చదనంలో ఏమీ కనిపించక వదిలేయడం చూశాను.

కుండీలో పెంచిన మూడు వారాల నారులో, పూర్తిగా విచ్చుకున్న ఆకుల్లో లేతదాన్ని కోసి, మధ్య నుంచి నాలుగు సెంటీమీటర్ల ముక్క తీసుకోవాలి. వేలు తగిలితే మైనం చెదురుతుంది, కాబట్టి అంచులనే పట్టుకోవాలి. ముక్కను తడి టిష్యూ మీద చదునుగా పరిచి, రెండు చివరలా గాజు పలకలతో అదిమి, పైన ముందుగా బీజాలను పొడిగా తట్టాలి. ఆ తరువాత సన్నని తుంపర పడే సీసాతో, అడుగు దూరం నుంచి, ఒక్కసారి నీరు చల్లాలి. పెద్ద చుక్కలైతే బీజాలతో సహా దొర్లిపోతాయి.

24 గంటల తరువాత ఆకు రంగు తీసేయాలి. ఒక వంతు అసిటిక్ ఆమ్లం, మూడు వంతుల ఇథనాల్ కలిపిన ద్రావణం కావాలి. ఇది కళాశాల ప్రయోగశాలలో, పెద్దల ఎదుట చేయవలసిన పని. ఆకును ఆ ద్రావణంలో ముంచకండి. ముంచితే వదులుగా ఉన్న బీజాలు, నాళాలు తేలిపోయి, అంటుకున్నవీ అంటుకోనివీ తెలియవు. వడపోత కాగితాన్ని ద్రావణంతో తడిపి, దాని మీద ఆకును బీజాలు పైకి ఉండేలా పెట్టి మూత పెడితే, ఒకటి రెండు రోజుల్లో పచ్చదనం కింది నుంచే దిగిపోతుంది. తరువాత ఒక చుక్క కాటన్ బ్లూ వేసి, కవర్ స్లిప్పును ఒక పక్క నుంచి మెల్లగా దించాలి.

9. తరచు జరిగే తప్పులు, వాటి దిద్దుబాటు

బీజాలు ఉన్నా కనిపించడం లేదు. వెలుతురు ఎక్కువైంది. రంగులేని బీజాలు పూర్తి వెలుతురులో కరిగిపోయినట్టు ఉంటాయి. కండెన్సర్ కింది డయాఫ్రమ్‌ను సగానికి పైగా మూసి, కండెన్సర్‌ను కొద్దిగా దించితే అంచులు తేలతాయి.

బీజాలు కనిపిస్తున్నాయి గాని బొంగరాల్లా లేవు. పెద్దగా, వంకరగా, గోధుమ రంగులో, ఎన్నో అడ్డుగోడలతో ఉంటే అవి గోధుమ మచ్చ తెగులువి. ఒకే గదితో చిన్న గొట్టం మాత్రల్లా ఉంటే కొలెటోట్రైకమ్ జాతివి. మూడో దశకు వెనక్కి వెళ్లి మచ్చను మళ్లీ ఎంచుకోవాలి.

అంటుకున్నాయి, మొలకెత్తలేదు. గది వేడి 30 డిగ్రీలు దాటి ఉండవచ్చు, కుళాయి నీరు వాడి ఉండవచ్చు, మచ్చ ముదిరి ఉండవచ్చు. ఈ వరుసలోనే సరిచూసుకోండి.

మొలకెత్తాయి, గుబ్బ కట్టలేదు. నీటిబొట్టు పరీక్ష మళ్లీ చేయండి. ప్లాస్టిక్ మీద చేతి జిడ్డో సబ్బు పొరో ఉండి ఉంటుంది. బీజాలు మరీ ఒత్తుగా పడినా ఇదే ఫలితం.

బొట్టు మధ్యలో ఆరిపోయింది. ఆ ముక్కను లెక్కలోకి తీసుకోవద్దు. మళ్లీ నీరు పోసి కొనసాగించడం అసలు వద్దు. ఆరిన నాళం చాలావరకు చనిపోతుంది.

పని అయ్యాక ముక్కలు, ఆకులు, టిష్యూలు అన్నిటినీ పావుగంట మరిగించాలి, లేదా కాల్చాలి. డబ్బాలను బ్లీచింగ్ నీటిలో నానబెట్టి కడగాలి. కిటికీలోంచి పెరట్లోకి విసిరేస్తే ఆ పక్కనే ఎవరిదో నారుమడి ఉంటుంది.

10. అన్ని శిలీంధ్రాలూ ఇలాగే అంటుకోవు

పాముపొడ తెగులును కలిగించే రైజోక్టోనియా సొలానికి గాలిలో ఎగిరే ఇటువంటి బీజాలు లేవు. ఆవగింజల వంటి దాని గోధుమరంగు స్క్లెరోషియాలు (శిలీంధ్రపు దారాలు గట్టిపడిన ఉండలు) మట్టిలో ఉండి, దమ్ము చేసినప్పుడు నీటిపై తేలి, నీటిమట్టం దగ్గర వరి పిలక తొడిమకు (కాండాన్ని చుట్టుకుని ఉండే ఆకు అడుగు భాగానికి) ఆనుకుంటాయి. అక్కడి నుంచి దారాలు పాకి, తొడిమ లోపలి వైపున కుప్పలుగా అల్లుకుని, ఆ మెత్తల కింద నుంచి దిగుతాయి. దీన్ని చూడడానికి మచ్చ అంచున ఉన్న తొడిమను ఒలిచి, లోపలి వైపును కాటన్ బ్లూతో చూడాలి. చేలో చేయవలసింది దమ్ము నాడే మొదలవుతుంది: గాలివాలుకు మడి మూలన చేరే నురుగు, చెత్తను తట్టతో ఎత్తి బయట కాల్చేయాలి. ఆ చెత్తను గట్టు మీదే వదిలేసేవారు ఎక్కువ, మొదటి వానకే అది మళ్లీ మడిలోకి వస్తుంది.

వరి మాగాణిలో వేసే మినుము మీది బూడిద తెగులు ఇంకో తీరు. దాని బీజాలకు నీటి పొర అక్కరలేదు, పొడి ఆకు మీదే పని జరిగిపోతుంది. కాబట్టి ఆరో దశలోని బొట్టు పద్ధతి దానికి పనికిరాదు. పొడి ఆకు మీద చల్లి, తేమ గాలిలో ఉంచి, పారదర్శకమైన టేపుతో అద్ది చూడాలి.

రావులపాలెం మార్కెట్టుకు వచ్చే అరటి గెలల మీద, పండాక కనిపించే నల్లమచ్చల శిలీంధ్రం కొలెటోట్రైకమ్ మ్యూసే. దాని బీజాలు నారింజ, గులాబీ రంగు కలిసిన జిగురు ముద్దల్లో ఉంటాయి, పొడిగా రాలవు. వాన చినుకు చిందితేనే కదులుతాయి కాబట్టి సూదితో ముద్దను తాకి, నేరుగా బొట్టులో కలపాలి. పచ్చికాయ మీద అంటుకుని గుబ్బ కట్టి, కాయ పండే వరకు అది కదలకుండా పడి ఉంటుంది.

11. చేలో వాడుకోవడం

ఈ ప్రయోగంలో వచ్చిన గంటలనే చేలో కొలవాలి. కొలవవలసింది ఆకు తడిగా ఉన్న సమయం. ధనుర్మాసంలో ముగ్గుల వేళకు చేలో అడుగుపెడితే పంచె మోకాళ్ల వరకు తడుస్తుంది; ఆ మంచు రాత్రి ఎప్పుడు మొదలైంది, పొద్దున ఎప్పుడు ఆరింది అన్నదే లెక్క.

మూడు చోట్లు ఎంచుకోండి: మడి నడుమ, గట్టు పక్క, కొబ్బరి చెట్ల నీడ పడే మూల. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, ఉదయం ఏడింటి నుంచి అరగంటకోసారి ఆకును పొడి టిష్యూతో అద్ది చూడండి. టిష్యూ తడవని మొదటి సమయాన్ని రాసుకోండి. కోనసీమ వైపు కొబ్బరి గట్ల నీడలో ఆకు ఆరడం ఆలస్యమవుతుంది, తెగులు తొలి మచ్చలు తరచు ఆ వరుసల్లోనే దొరుకుతాయి. తడి 8 నుంచి 10 గంటలు దాటిన రాత్రులు వరుసగా వస్తుంటే, గుబ్బ కట్టేంత సమయం శిలీంధ్రానికి దొరికినట్టే. ఆ రోజుల్లో యూరియా పైపాటు వేయడం ఆపాలి, మడిలో రోజూ మచ్చల కోసం వెతకాలి.

మందు ఎంపికలో కూడా ఈ వరుస పనికొస్తుంది. ట్రైసైక్లజోల్ బీజాన్ని అంటుకోకుండా ఆపదు, గుబ్బ కట్టకుండా కూడా ఆపదు. గుబ్బ గోడలో మెలనిన్ తయారవడాన్ని అడ్డుకుంటుంది. మెలనిన్ లేని గుబ్బలో పీడనం నిలవదు, అది ఆకును చీల్చలేదు. దీన్ని మీ డబ్బాలోనే చూడవచ్చు: లీటరుకు 0.6 గ్రాముల చొప్పున కలిపిన మందు నీటిని నూరు రెట్లు పలుచన చేసి, ఒక బొట్టును ఆ నీటితో వేస్తే, 24 గంటలకు గుబ్బలు ఉంటాయి గాని పక్క బొట్టులోని వాటిలా నల్లబడవు. అందుకే ఈ మందు శిలీంధ్రం ఆకులోకి దిగక ముందు ఆకు మీద ఉండాలి. మచ్చలు పెద్దవయ్యాక కొట్టి, పాత మచ్చలు మానలేదని మందును తిట్టడంలో అర్థం లేదు. అది కాపాడేది ఇంకా చీలని ఆకులను.

పిచికారీకి ముందు సరిచూసుకోవలసినవి:

- ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి మందు లీటరుకు 0.6 గ్రాములు, లేదా ఐసోప్రోథయోలేన్ లీటరుకు 1.5 మిల్లీలీటర్లు. సీసా మీది సూచన, మీ ప్రాంత వ్యవసాయ అధికారి సలహా దీనికి భిన్నంగా ఉంటే వాటినే పాటించాలి.
- ఆకు మీద మంచు ఆరి ఉండాలి. మంచు బొట్ల మీద కొట్టిన మందు వాటితో పాటే జారి మడిలో పడుతుంది.
- వరి ఆకు నీటిని దొర్లించేస్తుంది కాబట్టి లేబుల్‌లో చెప్పిన మోతాదులో జిగురుమందు కలపాలి, సన్నని తుంపర వచ్చే నాజిల్ పెట్టాలి. తైవాన్ పంపుతో తొందరగా నడుస్తూ లావు చుక్కలు కొట్టడం డెల్టాలో నేను ఎక్కువగా చూసే తప్పు.
- పాముపొడ తెగులుకైతే హెక్సాకోనజోల్ లేదా వాలిడామైసిన్ లీటరుకు 2 మిల్లీలీటర్లు, అదీ ఆకు కొనల మీద కాకుండా దుబ్బు మొదట్లో, నీటిమట్టం దగ్గర తొడిమలు తడిసేలా.
- చేతి తొడుగులు, ముఖానికి గుడ్డ, గాలి వాలు చూసుకుని నడక.

పిచికారీ చేసిన రోజు, తడి గంటలు, తొలి మచ్చ కనిపించిన రోజు, ఈ మూడింటినీ ఒకే పేజీలో పక్కపక్కన రాయండి. మచ్చ కనిపించిన తేదీ నుంచి ఐదారు రోజులు వెనక్కి లెక్కపెట్టి, ఆ రాత్రి గడిలో ఎన్ని తడి గంటలు రాసి ఉన్నాయో చూడండి. మొదటి దాళ్వాలో ఆ గడులు కొన్ని ఖాళీగానే ఉంటాయి. రెండో దాళ్వా నుంచి ఏ రాత్రిని వదలకూడదో మీకే తెలుస్తుంది.